పోశవ్వ చేతి తీగ

“నువ్వు కలిపిన బువ్వ నాకద్దు. తీస్కపో.”

ఎంత కోపమొచ్చినా అన్నాన్ని కాలితో తన్నే మనిషి కాదు పోశవ్వ. చేత్తోనే నెట్టింది. కంచం గచ్చు మీద జారుకుంటూ పోయి కోడలు వనిత కాళ్ళ దగ్గర ఆగింది.

“నిన్న జగిత్యాల నుంచి అచ్చినకాడి నుంచి మంచినీళ్లు గూడ ముట్టలే అత్తమ్మా. ఏమైందో చెప్తెనే గదా ఎరుకైతది.”

“నీకెరుక లేదా? నా చెయ్యి తీస్కపోయి నడి బజార్ల పెట్టినవ్. చెప్పులతోని కొట్టిన్రు. కిర్సనాయిల్ పోసి కాలవెట్టిన్రు. ఇగ నాకు బువ్వెందుకు? దినాలకు వండు.”

పోశవ్వ ఎడమ చెయ్యి ఆమె ఒడిలో భద్రంగానే ఉంది. మోచేతి నుంచి మణికట్టు దాకా పాకిన పచ్చబొట్టు తీగ, నడుమ పెద్ద పువ్వు, అటూ ఇటూ ఆకులు. అయినా అత్త ఏ చెయ్యి గురించి మాట్లాడుతోందో వనితకు వెంటనే తెలిసిపోయింది. అలాంటి చెయ్యి ఇంకొకటి ఉంది. అది కోరుట్ల బస్టాండు ఎదుట తాజుద్దీన్ ఫ్లెక్సీ షాపులో, వనిత కూర్చునే కంప్యూటర్లో ఉంది.

మంచం మీద కూర్చున్న దేవేందర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ తల ఎత్తలేదు. తెలంగాణ గురించి మైకు ఇస్తే పొద్దు గుంకేదాకా మాట్లాడగలడు. ఇంట్లో తల్లీ పెళ్ళామూ కొట్టుకుంటుంటే మాత్రం అతని నోట్లో బెల్లం ముక్క ఉంటుంది.

“ఎక్కడ సూసినవ్ అత్తమ్మా?”

“గడియారం టవర్ కాడ. కంటి దవాఖానల కొత్త అద్దాలిచ్చిన్రు, పెట్టుకోని బయటికచ్చిన. తెలంగాణ కోసం రాజీనామా జెయ్యనని కూసున్న లీడర్ లేడా, వాని ఫ్లెక్సీ. వాని మొఖానికి అటుపక్క నా చెయ్యి, ఇటుపక్క నా చెయ్యి. నీలి రంగు పూసి పెట్టిన్రు. పోరగాళ్లు దాన్ని గుంజి కిందేసిన్రు. జై తెలంగాణ అనుకుంట చెప్పులు తీసిన్రు. వాని మొఖం పగులగొట్టనియ్, నాకేంది? కొట్టినయన్ని మొఖం మీదనే పడ్తయా?”

“అది నీ చెయ్యేనని ఎట్ల...”

“నా చెయ్యి నాకెరుక లేదానే? బుద్ధెరిగినకాడి నుంచి గీ తీగను సూసుకుంటనే బీడీలు చుడ్తున్న.”

ఆ తీగ పోశవ్వదే. దాన్ని కంప్యూటర్లో మళ్ళీ మళ్ళీ వేసుకునే అచ్చుగా, అంటే బ్రష్‌గా, చేసింది వనితే.

పోయిన బతుకమ్మ పండుగ నాటి సంగతి. షాపులో ఉన్నవన్నీ ఇంటర్నెట్‌లో దించుకున్న బ్రష్‌లు. ఎక్కడివో గులాబీలు, ఎక్కడివో ద్రాక్ష తీగలు. కోరుట్ల బతుకమ్మ ఫ్లెక్సీకి అంచున ద్రాక్షగుత్తులేమిటని వనితకు ఒళ్ళు మండింది. మన దగ్గర తీగల్లేవా, పువ్వుల్లేవా? ఆ మంట మీదే అత్తను షాపుకు తీసుకెళ్ళి, ఆమె చేతిని స్కానర్ అద్దం మీద పెట్టించింది. “కరెంటు గుంజదా బిడ్డా?” అంటూ పోశవ్వ కళ్ళు గట్టిగా మూసుకుంది. చెయ్యి కింద లైటు పాకుతున్నంతసేపూ తెరవలేదు.

ఆ తరువాత పని వనితది. బొమ్మలో రంగు తీసేసింది. చర్మాన్ని తెల్లగా, పచ్చబొట్టు గీతను నల్లగా తెచ్చింది. ఫోటోషాప్ బ్రష్‌కు నలుపు ఉన్నచోటే గీత. తెలుపంతా ఉత్త గాలి. ముడతలూ నరాలూ మచ్చలూ ఒక్కొక్కటే చెరిపి, తీగను ఒక్కదాన్ని నిలబెట్టి బ్రష్‌గా కట్టింది. ఇక మౌస్ ఒక్కసారి నొక్కితే చాలు, కావలసిన రంగులో, కావలసినంత పెద్దగా తీగ పడుతుంది. పట్టి లాగితే అంచు పొడుగునా పాకుతుంది. ఆ రోజు తెర మీద తన చెయ్యి పసుపు రంగులో, ఎరుపు రంగులో పరుగెత్తుతుంటే పోశవ్వ చిన్నపిల్లలా నవ్వింది. ఒక్క మాట మాత్రం తీసుకుంది.

“లగ్గం కార్డు మీద పెట్టు, బతుకమ్మ మీద పెట్టు. లీడర్ల మొఖాల కాడ మాత్రం పెట్టకు బిడ్డా. గాళ్ల మొఖాలు ఇయ్యాల పూలదండ, రేపు పేడనీళ్లు.”

వనిత ఆ మాట తప్పలేదు. నాయకుల ఫ్లెక్సీలన్నిటికీ పాత ద్రాక్షగుత్తులే పెట్టి పంపింది. వాళ్ళ మొహాలకు అవే ఎక్కువ అనుకుంది కూడా.

“నేనియ్యలే అత్తమ్మా. నీ మీద ఒట్టు.”

“నా మీద ఒట్టెందుకు, నేను కాలిపోతిని గదా! నువ్వియ్యకుంటె నా చెయ్యి జగిత్యాలకు నడిసిపోయిందా?”

“గింత దానికి లొల్లేంది అవ్వా?” దేవేందర్ లేచి నిలబడ్డాడు. “ఫ్లెక్సీయే గదా. రబ్బరు గుడ్డ. నాకు మీటింగున్నది, పోతున్న.”

పోశవ్వ కొడుకు మొహంలోకి చాలాసేపు చూసింది. అతను చెప్పులేసుకుని వీధి మలుపు తిరిగేదాకా అలాగే చూసి, ఆ మిగిలిన కోపమంతా తెచ్చి కోడలి మీద పోసింది.

“నా చెయ్యి నాకు తెచ్చియ్యి. తెచ్చినంకనే నీ చేతి బువ్వ తింట. లేకుంటె గిట్లనే పోత.”

వనితకు ఏడుపు రాలేదు. మంట వచ్చింది. చెయ్యని తప్పుకు పొద్దున్నే పడిన మాటలు ఊరికే పోతాయా? షాపు దాకా ఎండలో నడుస్తున్నకొద్దీ రాజుకున్నాయి.

కరెంటు లేదు. షాపు ముందు జనరేటర్ దడదడలాడుతోంది. లోపల ముత్యంపేట నుంచి వచ్చిన పెళ్ళివాళ్ళు కార్డు నమూనాలు తిరగేస్తున్నారు. తాజుద్దీన్ గల్లా దగ్గర కూర్చుని వాళ్ళకు చాయ్ చెబుతున్నాడు.

“చాచా, నా బ్రష్ జగిత్యాలకు ఎట్ల పోయింది?”

“ఏ బ్రష్ బిడ్డా?”

“మా అత్తమ్మ చెయ్యి. గీ కంప్యూటర్ డబ్బల తప్ప యాడ లేదది. నేనియ్యలే. ఇగ మిగిలింది నువ్వే. ఎంతకు అమ్ముకున్నవ్?”

పెళ్ళివాళ్ళ చేతుల్లో కార్డులు ఆగిపోయాయి. జనరేటర్ చప్పుడులో మాట చెవిన సరిగా పడలేదేమో అన్నట్టు తాజుద్దీన్ ముందుకు వంగాడు. పడింది.

“క్యా బోలీ? ఏమన్నవ్? అమ్ముకున్ననా?”

“లేకుంటె ఎట్ల పోయింది? కాళ్లచ్చినయా?”

“వనితా! గీ డబ్బల ఎంతమంది ఆడపిల్లల ఫోటోలున్నయో నీకెరుకే. సంబంధాలు సూసెటందుకు తీస్కున్నయి, తప్పినయి, మళ్ల కుదిరినయి. గిన్నేండ్లల ఒక్క ఫోటో నా గడప దాటిందా? ఒక్క తండ్రన్న నా కాలర్ పట్టుకున్నడా? నా బిడ్డ నాజియా అసొంటిదానివని నీకు తాళం చెవి ఇచ్చిన. నువ్వు నన్ను దొంగను జేస్తున్నవా, గిరాకుల ముంగట?”

“మరి దొంగెవ్వరు?”

“నీ ఇంట్ల అడుగు!”

తాజుద్దీన్ గల్లా మూత ధడాల్న వేశాడు. అనకూడదనుకున్న మాట అనేసిన మనిషిలా ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించాడు.

“దేవేందర్ అచ్చిండు. నువ్వు దావత్‌కు పోయిన దినం. పెన్ డ్రైవ్ తెచ్చిండు. వనితనే తెమ్మన్నది చాచా, తెలంగాణ జేఏసీ పనికి అన్నడు. ఇంటాయన అచ్చి అడిగితె కాదంటనా? నిన్నొక మాట అడగకపోతి. గదొక్కటే నా తప్పు.”

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఈ ఇంట్లో అల్లుడి దాకా పోనక్కర లేకపోయింది, కన్నకొడుకే ఆ పుణ్యం కట్టుకున్నాడు. వనిత ఇంట్లో తనకు అంటించిన నిందను అలాగే మోసుకొచ్చి, ఏ పాపమూ ఎరగని మనిషి నెత్తిన పెట్టింది. అదీ నలుగురి ముందు.

“చాచా...”

“చాచా అనకు ఇయ్యాల. ఇంటికి పో. పనద్దు ఏమద్దు.”

ఆయన పెళ్ళివాళ్ళ వైపు తిరిగి కార్డుల రేటు చెప్పడం మొదలుపెట్టాడు. వనిత అక్కడ ఇంకొక్క క్షణం నిలబడలేకపోయింది.

మధ్యాహ్నం దేవేందర్ అన్నానికి వచ్చేసరికి వనిత గడపలోనే ఉంది. పోశవ్వ అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. బీడీల చాట పక్కనే ఉన్నా ఆకు ముట్టలేదు.

“బ్రష్ ఎవ్వరికిచ్చినవ్?”

దేవేందర్ భుజం మీది సంచీ దించలేదు. “ఎవ్వరు చెప్పిన్రు?”

“ఎవ్వరు చెప్తేంది? ఇచ్చినవా, ఇయ్యలేదా?”

“అవ్, ఇచ్చిన. అయితె ఏంది? జగిత్యాల జనార్దన్ వాని దుకాణంల మన ఫ్లెక్సీలన్ని పైస తీస్కోకుంట ఉత్తగ కొట్టిస్తున్నడు. ఏదన్న మంచి డిజైన్ ఇయ్యన్నా అన్నడు, ఇచ్చిన. నా కడుపుల పెట్టుకున్ననా? ఉద్యమం కోసం ఇచ్చిన.”

“గా జనార్దనే లీడర్ ఫ్లెక్సీ గూడ కొట్టిండు, అదే తీగ పెట్టి.”

“గది నాకెట్లెరుక? వాడు దుకాణం పెట్టిందే అందరికి కొట్టెటందుకు.”

“నన్ను అడిగినవా?”

“నిన్నెందుకడగాలె? చెయ్యి మా అవ్వది.”

“అవ్వనన్న అడిగినవా?”

దేవేందర్ సంచీ పట్టీ సర్దుకున్నాడు. అడగలేదని చెప్పడానికి అంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

“బటన్లు ఒత్తుడు గూడ ఒక పనేనా? దానికి గింత పంచాయితి,” అన్నాడు చివరికి.

అంతే. పొద్దుటి నుంచి ఇద్దరి దగ్గర పడ్డదీ, ఒకరిని అన్నదీ కలిసి వనిత గొంతులోకి వచ్చాయి.

“బటన్లు ఒత్తుడా? ముడుత ముడుత ఏరి తీసిన. కండ్ల పొంటి నీళ్లు కారుతుంటె తీసిన. మీకు ఫ్లెక్సీ గావాలె. మీటింగుకు చాయ్ గావాలె, బతుకమ్మలు గావాలె, రోడ్డు మీద వండుటందుకు ఆడోళ్లు గావాలె. గవన్ని జేసెటోళ్లను ఒక్క మాట అడగాలెనని మాత్రం యాదికి రాదు. గీ ఇంట్లనే నీకు అడుగుడు రాదు, రేపు తెలంగాణ అస్తె ఎవ్వలను అడుగుతవ్?”

“తెలంగాణ మాట తియ్యకు!”

“తీస్త! నీ ఒక్కనిదా?”

దేవేందర్ చెయ్యి లేచింది. కొట్టేవాడో లేదో అతనికే తెలియదు. అరుగు మీది నుంచి పోశవ్వ గొంతు వినిపించింది. అరవలేదు.

“లేపు. మంచిగ లేపు. నిన్న టవర్ కాడ గిట్లనే లేపినవ్.”

దేవేందర్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

“నువ్వు గూడ ఉన్నవ్ దేవా. అందరికన్న ముంగట ఉన్నవ్. చెప్పు తీసినవ్. ఎవ్వల చెప్పు యాడ పడ్డదో నాకెరుక లేదు గని, నీది యాడ పడ్డదో సూసిన. కొట్టకురా, గది నేనురా అందామని నోరు తెరిచిన. గంత మందిల ఎట్లనాలె? పిచ్చిముసల్దంటరని మూసుకున్న.”

“లీడర్ను కొట్టిన అవ్వా! నిన్ను కాదు!”

“ఇగో.” పోశవ్వ కొంగు తప్పించి ఎడమ చెయ్యి చాపింది. “ఇయ్యాల లీడర్ లేడు. కొట్టు.”

దేవేందర్ గోడకు చేరగిలబడ్డాడు. తప్పయిందన్న మాట కోసం పోశవ్వ ఎదురుచూడలేదు. కోడలి వైపు తిరిగింది.

“నిన్ను ఉత్తగ అన్న బిడ్డా. ఇచ్చింది వాడేనని పొద్దుగాల వాని మొఖం సూస్తనే ఎరుకైనా, నోటెంబడి రాలే. కొడుకాయె. బువ్వ పెట్టు, తింట.”

వనిత కళ్ళలో అప్పుడు తిరిగాయి నీళ్ళు. లోపలికి పోయి పొయ్యి ముట్టించింది. చల్లారిన అన్నం అత్తకు పెట్టబుద్ధి కాక మళ్ళీ బియ్యం కడిగి పెట్టింది. ఎసరు కాగుతుండగా వాకిట్లోకి వచ్చింది.

“జనార్దన్‌కు ఫోన్ జెయ్. గా ఫైల్ తీసెయ్యమను.”

“ఒక్క జనార్దన్ దగ్గరనే ఉంటె గదా...” దేవేందర్ గొణిగాడు.

“ఇంకెవ్వరికిచ్చినవ్?”

“సిరిసిల్ల హన్మండ్లుకు. కండువల మీద అచ్చు కొట్టెటందుకు. ఆదివారం సభకు. ఇయ్యాలనే మొదలువెడుతరు.”

వనిత తల పట్టుకుంది. పోశవ్వ మాత్రం ఏమీ అర్థం కానట్టు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“ఆపు,” అంది వనిత. “ఇప్పుడే ఆపు.”

“ఎట్లాపుత? ఇబ్రహీంపట్నం, మల్లాపూర్ పోరగాళ్లందరికి మాటిచ్చిన. గుడ్డ అచ్చింది, రంగు అచ్చింది. మా అవ్వకు కోపమచ్చిందని చెప్పాల్నా? నా ఇజ్జత్ ఏమైతది?”

“ఆమె చెయ్యి కాలినప్పుడు పోలేదా నీ ఇజ్జత్?”

ఇరుకున పడ్డ మనిషికి బుద్ధి ఎటు పోతుందో చెప్పలేం. దేవేందర్ సంచీలో చెయ్యి పెట్టి ఒక గులాబీ రంగు కండువా లాగాడు. హన్మండ్లు పంపిన నమూనా. అంచు పొడుగునా తెల్లటి తీగ. దాన్ని తెచ్చి తల్లి ఒడిలో, చేతి పక్కన పరిచాడు. తల్లి చేతిని అతను అంత దగ్గరగా చూడటం బహుశా అదే మొదలు.

“సూడు అవ్వా, నువ్వే సూడు. అసలిది నీ చెయ్యే కాదు! నీకు గీ మణికట్టు కాడ రెండు సుక్కలున్నయి. గీడున్నయా? లెవ్వు! తీగలు అందరి చేతుల మీదుంటయి. నీ చెయ్యని రాసి పెట్టి ఉన్నదా?”

వకీలు దొరకబుచ్చుకున్నట్టు దొరికింది అతనికి మాట. మొహంలో కళ కూడా వచ్చింది.

పోశవ్వ కొత్త అద్దాలు పెట్టుకుంది. కండువా అంచును వేలితో తడుముకుంటూ పోయింది. పువ్వు దాటింది, ఆకులు దాటింది, తీగ చివర ఆగింది. తన మణికట్టు చూసుకుంది. మళ్ళీ గుడ్డ చూసింది.

“వనితా, రెండు సుక్కలు యాడబొయినయి?”

వనితకు ఆనాటి బ్రష్ పనంతా కళ్ళ ముందు తిరిగింది. నల్లటి తీగ పక్కన రెండు మసక మచ్చలు. ఎంత పెంచినా నలుపెక్కలేదు.

“మచ్చలనుకున్న అత్తమ్మా. పొయ్యి కాడ నూనె చిట్లిందేమో అనుకున్న. మసకమసక ఉంటె... తుడిసిన.”

“మచ్చలా?”

“నిన్ను అడగకపోతి...”

పోశవ్వ కొడుకు వైపు చూడకుండానే అతనితో మాట్లాడింది. “నీకన్న ముంగట నాకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టిన్రు దేవా. పేర్లు పెట్టేదాక గూడ ఉండలే. ఫోటోలు లెవ్వు, గోరీలు లెవ్వు. పచ్చబొట్లు పొడిసే అవ్వ అచ్చినప్పుడు ఒక్కొక్కల కోసం ఒక్కొక్క సుక్క పొడిపిచ్చుకున్న. సచ్చినంక సొమ్ములన్ని ఒల్సుకుంటరు గని, పచ్చబొట్టు ఎంబడి అస్తదంటరు. నేను పోయిననాడు గాళ్లను తోలుకపోదమని.”

లోపల ఎసరు పొంగి పొయ్యిలో పడి సుయ్యిమంది. దేవేందర్ మొహంలో వచ్చిన కళ వచ్చినట్టే పోయింది.

వనిత వంగి అత్త చెయ్యి పట్టుకోబోయింది. పోశవ్వ ఆ చేతిని కొంగులోకి లాగేసుకుంది.

“వాడు సూడక కొట్టిండు. నువ్వు సూసి తుడిసినవ్.”

దేవేందర్ జేబులో ఫోన్ మోగింది. అతను తీసి పేరు చూసి అలాగే పట్టుకు నిలబడ్డాడు. వనిత అతని చేతిలోంచి లాక్కుని చెవికి పెట్టుకుంది.

“దేవన్నా, హన్మండ్లును. రంగు కలిపినం. మొదలువెట్టాల్నా?”

“ఆపుండ్రి,” అంది వనిత. “గా తీగల తప్పున్నది.”

“తప్పా? సక్కగనే ఉన్నది గదా! దేవన్న సొంతంగ గీసిండట గదా. నువ్వెవ్వరమ్మా మాట్లాడేది?”

వనిత నోరు తెరిచింది. ఎదురుగా అరుగు మీద పోశవ్వ, చెయ్యి కొంగులో దాచుకుని, ఆ తీగ ఎవరిదని కోడలు చెబుతుందోనని ఆమె మొహంలోకే చూస్తోంది.